పాత సిస్టంలోని ఎస్ఎస్‌డీని కొత్త కంప్యూటర్లో వాడుకోవడం ఎలా

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరమో ఆపైదో అయి ఉండాలి. దాంతో నెల్లూరు ట్రంకు రోడ్డు డీటీపీ షాపుల నుంచి ఒంగోలు, కావలి, కందుకూరు నెట్ సెంటర్ల దాకా బాగా నడుస్తున్న సిస్టంలు కూడా మూలకి చేరుతున్నాయి. వాటిలో చాలావాటికి మధ్యలో ఎప్పుడో హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే 240 జీబీ ఎస్ఎస్‌డీ వేయించి ఉంటారు. బోర్డు పాతబడినా ఆ ఎస్ఎస్‌డీకి ఇంకా ఆయుష్షు ఉంటుంది. దాన్ని సీపీయూతో పాటు పాత సామాన్లకి వేసేస్తే పనికొచ్చే వస్తువు పోతుంది. అందులోని ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు కూడా ఎవరి చేతికో వెళ్తాయి.

స్క్రూడ్రైవర్ పట్టడానికి ముందే ఇందులో సగం పని ఉంది. అది పాత సిస్టం ఇంకా ఆన్ అవుతుండగానే చేయాల్సిన పని. ఎస్ఎస్‌డీ బయటికి వచ్చాక అందులో కొన్ని చేయడం కష్టం, కొన్ని అసలు కుదరవు.

1. పాత సిస్టంలో ఉండగానే ఆరోగ్యం చూడండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి తెరవండి. పైన హెల్త్ స్టేటస్ కింద గుడ్, కాషన్, బ్యాడ్ అనే మాటల్లో ఒకటి, చాలా డ్రైవ్‌లకు పక్కనే శాతం కూడా కనిపిస్తాయి. కింది పట్టికలో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్లో ఉంటాయి, చూసి కంగారు పడొద్దు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ దగ్గర 10 డెసిమల్ ఎంచుకుంటే మనకు తెలిసిన అంకెల్లోకి మారతాయి.

ముఖ్యంగా చూడాల్సింది టోటల్ హోస్ట్ రైట్స్, అంటే ఇప్పటిదాకా ఎంత రాశారన్నది. ప్రతి ఎస్ఎస్‌డీకి కంపెనీ ఇంత రాయవచ్చని టీబీడబ్ల్యూ (రాయగల మొత్తం టెరాబైట్లు) లెక్కలో చెబుతుంది. మన దగ్గర బాగా కనిపించే కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500 రెండూ 240 జీబీ సైజులో 80 టీబీకి రేటింగ్ ఉన్నవి. రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ, అంటే 80 టీబీ నిండడానికి దాదాపు 11 ఏళ్లు. టైపింగు, బిల్లులు, బ్రౌజింగు చేసే సిస్టం అంత కూడా రాయదు. అందుకే వయసు చూసి పారేయకుండా అంకె చూసి తేల్చుకోండి.

తర్వాత రీఅలొకేటెడ్ సెక్టార్ల లెక్క, అంటే పాడైతే పక్కన పెట్టి వేరేవాటితో మార్చిన భాగాలు. సాటా (పాత, నెమ్మది రకం) డ్రైవ్‌లలో చాలావాటికి ఇది 05 నంబరు వరుసలో ఉంటుంది. సున్నా ఉంటే మంచిది. కొద్దిగా ఉండి పెరగకుండా ఆగి ఉంటే వాడొచ్చు. ఈ వారం ఒక అంకె, వచ్చే వారం ఇంకో అంకె చూపిస్తుంటే ఆ డ్రైవ్‌తో పని పెట్టుకోవద్దు. సీ7 వరుసలో సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన లెక్క) కనిపిస్తే తప్పు ఎక్కువగా కేబుల్‌దే, డ్రైవ్‌ది కాదు. ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) అయితే పర్సంటేజ్ యూజ్డ్, మీడియా ఎర్రర్స్ అనే రెండు వరుసలు చూస్తే చాలు.

మా లెక్క ఇది: హెల్త్ 80 శాతం పైన ఉంటే ఏ పనికైనా వాడండి, 50 నుంచి 80 మధ్య అయితే రెండో డ్రైవ్‌గా పెట్టుకోండి, అంతకు తక్కువైతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగినవి మాత్రమే దాంట్లో ఉంచండి. శాతం ఎంత బాగున్నా ఒకటి గుర్తుంచుకోవాలి. అది చెప్పేది మెమరీ అరుగుదల గురించే. లోపలి కంట్రోలర్ చిప్ పోతే హార్డ్ డిస్క్‌లాగా ముందు శబ్దం చేసి హెచ్చరించదు. నిన్న కనిపించిన డ్రైవ్ ఇవాళ కనిపించదు, డేటా వెనక్కి తెచ్చుకోవడం కష్టం, ఖర్చు. కాబట్టి పాత ఎస్ఎస్‌డీలో ఉన్న ఏ ముఖ్యమైన ఫైలుకైనా రెండో కాపీ ఇంకోచోట ఉండి తీరాలి.

2. డేటా, తాళాలు, లైసెన్సులు

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కాపీ చేయడం అందరికీ గుర్తొస్తుంది. మర్చిపోయేవి వేరే ఉంటాయి. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు, అవుట్‌లుక్ మెయిల్ ఫైళ్లు, డీటీపీ వాళ్లయితే సి డ్రైవ్‌లో విండోస్ కింద ఫాంట్స్ ఫోల్డర్లో ఉన్న ‘అను’ అనే తెలుగు ఫాంట్లు. పాత పెళ్లి కార్డుల ఫైళ్లు ఆ ఫాంట్లు లేకుండా తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

రొయ్యల మేత డీలర్లు, రైస్ మిల్లులు, చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసులు ఎక్కువగా ట్యాలీ మీదే నడుస్తాయి. కంపెనీ ఎంచుకునే తెరమీద డేటా ఎక్కడుందో దారి కనిపిస్తుంది, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఆ తర్వాత, ఇంటర్నెట్ ఉండగానే, ట్యాలీలోని హెల్ప్ మెనూ నుంచి లైసెన్స్ సరెండర్ చేయండి. సరెండర్ చేయకుండా సిస్టం విప్పేస్తే కొత్తదాంట్లో లైసెన్స్ ఎక్కించేటప్పుడు ఇబ్బంది పడతారు. డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా దాచుకోండి.

ఇక తాళం. సెట్టింగ్స్‌లో, డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఇది మనల్ని అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. దీని తాళం పాత బోర్డులోని టీపీఎం చిప్‌లో ఉంటుంది. ఎస్ఎస్‌డీ ఒక్కటీ తీసి కొత్తదాంట్లో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్లో దొరుకుతుంది. అకౌంట్ పాస్‌వర్డ్ కూడా మరిచిపోయి ఉంటే, పాత బోర్డు లేకుండా లోపలి ఫైళ్లు ఎవరూ తీయలేరు. అందుకే తీసేముందే టర్న్ ఆఫ్ నొక్కి డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. డ్రైవ్ నిండుగా ఉంటే గంట పైన పట్టవచ్చు. మధ్యలో కరెంటు పోతుందని భయముంటే ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద నడపండి.

చివరగా ఆపడం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా సిస్టం పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. ఆ స్థితిలో తీసిన డ్రైవ్‌ని వేరే కంప్యూటర్లో తెరిస్తే ఫైళ్లు చెడిపోయే అవకాశముంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్ డౌన్ మీద నొక్కండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది.

3. మీ దగ్గరున్నది ఏ రకం, కొత్తదాంట్లో చోటుందా

అగ్గిపెట్టె కంటే వెడల్పుగా, పలకలా, 7 మిల్లీమీటర్ల మందంతో ఉంటే అది 2.5 అంగుళాల సాటా. దీనితో పేచీ తక్కువ. ఏ డెస్క్‌టాప్ బోర్డుకైనా సాటా పోర్టులు ఉంటాయి.

బబుల్‌గమ్ పట్టీలా సన్నగా ఉండేది ఎం.2. దాదాపు అన్నీ 22 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి, పొడవు 30, 42, 60, 80 మిల్లీమీటర్లలో వస్తాయి. 2280 అంటే 22 వెడల్పు, 80 పొడవు. మోసపోయేది ఇక్కడే: ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా ఉంటుంది, ఎన్‌వీఎంఈ ఉంటుంది. అంచున రెండు గాట్లు ఉంటే సాధారణంగా సాటా, ఒకే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. కానీ రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈలు కూడా కొన్ని వచ్చాయి. అందుకని స్టిక్కర్ మీద రాసిందే నమ్మండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటి ఎం.2 స్లాట్ ఎన్‌వీఎంఈకి మాత్రమే పనిచేస్తుంది. అందులో సాటా ఎం.2 పెడితే చక్కగా దూరుతుంది, స్క్రూ పడుతుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) మాత్రం కనిపించదు. డ్రైవ్ పోయిందనుకుని పారేసేవాళ్లున్నారు, అది బాగానే ఉంటుంది.

2012, 2013 నాటి ల్యాప్‌టాప్‌ల నుంచి తీసింది చిన్నగా, 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పుతో ఉంటే అది ఎంసాటా. ఎం.2 స్లాట్‌లో పట్టదు. 2.5 అంగుళాల సాటాగా మార్చే అడాప్టర్ డబ్బా దొరుకుతుంది, అందులో పెట్టి వాడుకోవచ్చు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో 32, 64 జీబీ ఈఎంఎంసీ అనే స్టోరేజీ చిప్ ఉంటుంది. అది బోర్డుకే టంకం చేసి ఉంటుంది కాబట్టి ఆ ఆశ వదిలేయండి.

కొత్త ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల చోటు ఉందో లేదో మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ తెరిచి చూడండి. ఒకే మోడల్లో పెద్ద బ్యాటరీ వచ్చిన రకాల్లో ఆ చోటుని బ్యాటరీయే తీసుకుంటుంది. చోటున్నా, దాన్ని బోర్డుకి కలిపే పట్టీ కేబుల్, ఇనుప బ్రాకెట్ డబ్బాలో రాకపోవచ్చు, విడిగా కొనాలి. ఇవన్నీ కుదరకపోతే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ని బయటినుంచి తగిలించే డబ్బా) ఉంది, దాని సంగతి చివర్లో.

డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇంకో చిక్కుంది. ఫలానా ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదని కొన్ని బోర్డుల మాన్యువల్లో ఉంటుంది. రెండో డ్రైవ్ కనిపించనప్పుడు ముందు ఇది చూసి, కేబుల్‌ని ఇంకో పోర్టుకి మార్చండి.

4. బిగించడం

కరెంటు తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే అడుగు మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోవాలి. చేతిని ఒకసారి సీపీయూ డబ్బా ఇనుప భాగానికి తాకించండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త.

మైపాడు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో, రొయ్యల గుంటల పక్కన ఉన్న ఆఫీసుల్లో ఉప్పు గాలికి కనెక్టర్ల మీద పొర కడుతుంది. ఎం.2 అంచున ఉన్న బంగారు రంగు పట్టీలు మాసి కనిపిస్తే, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నూలు రాలని గుడ్డకి తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ర్యామ్‌కి చేసినట్టు రబ్బరు పెట్టి రుద్దొద్దు. పూత అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లోకి పోతుంది.

ఎం.2ని సుమారు 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి తోసి, గాటు కుదిరాక కిందికి వంచి, కొసన స్క్రూ పెట్టాలి. వాలుగా తోయకుండా నిటారుగా నొక్కితే స్లాట్ పళ్లు వంగుతాయి. స్క్రూ చాలా చిన్నది, ఎక్కువగా ఎం2 (2 మిల్లీమీటర్ల) సైజు, పాత దాని నుంచి తీసిన స్క్రూని పారేయకండి. కొత్త బోర్డులో ఖాళీ స్లాట్‌కి స్క్రూ లేక పని ఆగిపోవడం మామూలే. స్క్రూ కదలకుండా నిలిస్తే చాలు, గట్టిగా తిప్పొద్దు. పైన హీట్‌సింక్ ఉంటే థర్మల్ ప్యాడ్ మీది ప్లాస్టిక్ కాగితం తీయడం మరవొద్దు.

2.5 అంగుళాల దానికి ఎం3 స్క్రూలు పడతాయి. పాత 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ స్క్రూలు వీటికి లావు, బలవంతాన ఎక్కిస్తే మర పోతుంది. పాత క్యాబినెట్లో సరైన చోటు లేకపోతే 3.5కి మార్చే బ్రాకెట్ వాడండి. ఇందులో తిరిగే భాగాలు లేవు కాబట్టి రెండు స్క్రూలతో ఒకవైపు బిగించినా ఇబ్బంది లేదు.

కేబుళ్లు రెండు. సన్నది డేటా, వెడల్పుది ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) నుంచి వచ్చే పవర్. డేటా కేబుల్ పాతది వదులుగా ఉంటే మార్చేయండి, సీఆర్‌సీ ఎర్రర్లకు మూలం అదే. పవర్ విషయంలో మాత్రం ఒక్క తప్పు కూడా చేయకూడదు. ఊడదీసే కేబుళ్లున్న ఎస్ఎంపీఎస్ అయితే, పాత ఎస్ఎంపీఎస్ కేబుల్‌ని కొత్తదానికి పెట్టొద్దు. డ్రైవ్ వైపు కొస ఒకేలా ఉంటుంది, ఎస్ఎంపీఎస్ వైపు తీగల వరుస కంపెనీకి ఒకలా, ఒక్కోసారి మోడల్‌కి ఒకలా ఉంటుంది. 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్తే డ్రైవ్ ఆ క్షణానే కాలిపోతుంది. సాటా పవర్ కొస చాలక పాత నాలుగు పిన్నుల దాని నుంచి మార్చుకునే అడాప్టర్ కొనాల్సి వస్తే, తీగలు ప్లాస్టిక్‌లో పోతపోసి మూసేసిన రకం తీసుకోవద్దు. అవి వేడెక్కి కాలిన సందర్భాలున్నాయి. ఒక్కో తీగ విడిగా నొక్కి బిగించిన రకం మేలు.

5. మొదటిసారి ఆన్ చేసినప్పుడు

బయోస్‌లోకి వెళ్లి డ్రైవ్ పేరు కనిపిస్తుందో లేదో చూడండి. బూట్ వరుసలో కొత్త డ్రైవ్‌లోని విండోస్ బూట్ మేనేజర్‌ని పైన ఉంచండి. లేకపోతే పాత ఎస్ఎస్‌డీలోని పాత విండోసే లేచి కూర్చుంటుంది.

ఆ పాత విండోస్‌నే కొత్త కంప్యూటర్లో నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక్కోసారి నడుస్తుంది, అయినా మా సలహా వద్దనే. పాత సిస్టంలో లెగసీ బయోస్‌తో ఎంబీఆర్ అనే పాత డిస్క్ పద్ధతిలో ఎక్కించి ఉంటే, పాత బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న కొత్త మెషిన్ దాన్ని గుర్తించదు. ఇంటెల్ 11వ తరం, ఆపై ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌లను నడిపే వీఎండీ అనే అమరిక ఆన్‌లో ఉంటే, దాని డ్రైవర్ లేని పాత విండోస్ ఎన్‌వీఎంఈ మీద బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. అలాగని వీఎండీ ఆపేస్తే కొత్త డ్రైవ్‌లో ఉన్న విండోస్ లేవకపోవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్స్ పాత బోర్డుకే అంటుకుని ఉంటుంది, అది మీతో రాదు.

పాత ఎస్ఎస్‌డీ మీదే కొత్తగా విండోస్ ఎక్కించాలనుకుంటే, ఆ పని అయ్యేదాకా మిగతా డ్రైవ్‌లన్నీ విప్పి పక్కన పెట్టండి. లేకపోతే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను ఇంకో డ్రైవ్‌లో పెట్టేయవచ్చు. రేపు ఆ డ్రైవ్ తీస్తే ఈ విండోస్ లేవదు.

6. తుడిచి కొత్తగా వాడుకోవడం

రెండో డ్రైవ్‌గా పెట్టాక పాత ఫైళ్లు తెరవబోతే పర్మిషన్ లేదనొచ్చు. కంటిన్యూ నొక్కితే చాలావరకు తెరుచుకుంటుంది. కావాల్సినవన్నీ వచ్చాయని, రెండు చోట్ల ఉన్నాయని ఖాయం చేసుకున్నాకే తుడవండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (బూట్ ఫైళ్లుండే చిన్న భాగాన్ని) డిలీట్ చేయనివ్వదు. అందుకు డిస్క్‌పార్ట్ కావాలి.

1. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ (diskpart) అని కొట్టండి.
2. లిస్ట్ డిస్క్ కొట్టండి. సైజులు చూసి పాత ఎస్ఎస్‌డీ ఏ నంబరో గుర్తించండి. 240 జీబీది ఇక్కడ 223గా కనిపిస్తుంది, లెక్కించే పద్ధతిలో తేడా తప్ప ఏదీ పోలేదు.
3. సెలెక్ట్ డిస్క్, పక్కన ఆ నంబరు.
4. మళ్లీ లిస్ట్ డిస్క్ కొట్టి, నక్షత్రం గుర్తు సరైన వరుస ముందే ఉందా చూడండి. రెండు డ్రైవ్‌లు ఒకే సైజువి అయితే ఇక్కడ ఆగిపోయి, డీటెయిల్ డిస్క్ కొట్టి, ఎంచుకున్న డ్రైవ్ పేరు చూసి తేల్చుకోండి.
5. క్లీన్ కొట్టండి. ఇది మళ్లీ అడగదు, క్షణంలో పార్టిషన్లన్నీ పోతాయి.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీగా ఇనిషియలైజ్ చేసి, న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్‌ఎస్, క్విక్ ఫార్మాట్. ఫుల్ ఫార్మాట్ వద్దు, డ్రైవ్ అంతా ఒకసారి అనవసరంగా రాసినట్టవుతుంది.

ఈ రకం డ్రైవ్‌లను నిండా నింపితే రాసే వేగం బాగా పడిపోతుంది. 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచండి. సాటా డ్రైవ్ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మామూలు ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళ్తుంది. కానీ స్కాన్ కాపీలు, ట్యాలీ బ్యాకప్, ఫొటోలు ఉంచుకోవడానికి ఆ తేడా చేతికి తెలియదు.

7. లోపల చోటు లేకపోతే

2.5 అంగుళాల దానికి సాటా ఎన్‌క్లోజర్ తీసుకోండి. ఎం.2 అయితే కొనేముందు సాటాకా, ఎన్‌వీఎంఈకా అని అడగండి, రెండిటికీ పనిచేసేవి కూడా ఉన్నాయి. డబ్బా మీద యూఏఎస్‌పీ (వేగంగా పనిచేసే యూఎస్‌బీ పద్ధతి) అని ఉంటే మంచిది. నీలం రంగు పోర్టులో గానీ టైప్ సీలో గానీ పెట్టండి. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే సెకనుకి 40 ఎంబీ కూడా దాటదు, కరెంటు చాలక మధ్యలో ఊడిపోయినట్టు కూడా అవుతుంది.

దీన్ని ఏడాదికోసారి తీసే బ్యాకప్‌గా బీరువాలో పెట్టొద్దు. రాసే ఆయుష్షు అయిపోయిన మామూలు ఎస్ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలన్నది మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. రోహిణీ కార్తెలో నెల్లూరు, ఒంగోలు మేడమీది గదుల్లో 30 డిగ్రీలు రాత్రిపూట కూడా ఉండవు, పైనే ఉంటాయి. మూలన పడి ఉండాల్సిన బ్యాకప్‌కి హార్డ్ డిస్క్ వాడండి. ఎస్ఎస్‌డీని రోజూ పనిలో ఉంచండి.

ఒకవేళ మీరు వాడకుండా ఎవరికైనా ఇచ్చేస్తుంటే, ఫార్మాట్ ఒక్కటి చాలదు. బయోస్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటే అది వాడండి, లేదా ఆ డ్రైవ్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో చేయండి. సాటా డ్రైవ్‌కి ఫ్రోజెన్ అని చూపిస్తే కంప్యూటర్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలావరకు తాళం విడిపోతుంది. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ ద్వారా ఈ పని సరిగా జరగకపోవచ్చు, నేరుగా బోర్డుకి తగిలించే చేయండి.